నిద్రలో ఆగే ఊపిరి - నాలుకకు కసరత్తు

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అని పెద్దల మాట. బాగా అలిసిపోయినవాడికి కటిక నేల మీదైనా నిద్ర పడుతుంది. నిద్ర పడితే చాలు, ఒంటికి విశ్రాంతి దొరికినట్టే అని మనం అనుకుంటాం.

కానీ కొందరు రాత్రి ఎనిమిది గంటలు పడుకుంటారు. తెల్లారి లేచేసరికి తల బరువుగా ఉంటుంది. నోరు ఎండిపోయి ఉంటుంది. పొద్దున పది గంటలకే ఆవలింతలు మొదలవుతాయి. బస్సెక్కితే కునుకు. గ్రామసభలో కూర్చుంటే కునుకు. ఇంట్లోవాళ్ళు "సోమరిపోతు" అంటారు. పనిలోకి పిలిచినవాళ్ళు "వీడికి ఎప్పుడూ నిద్రే" అంటారు.

అది సోమరితనం కాకపోవచ్చు. జబ్బు కావచ్చు. రాత్రి అతను గట్టిగా గురక పెడుతున్నాడా? గురక మధ్యలో ఊపిరి ఆగిపోతున్నదా? అయితే ఆ జబ్బు పేరు స్లీప్ అప్నియా. అంటే నిద్రలో ఊపిరి ఆగడం.

ఈ పాఠంలో మూడు సంగతులు తెలుసుకుందాం. ఊపిరి ఎందుకు ఆగుతుంది? ఎవరికి ఆగే ప్రమాదం ఉంది? నాలుకకు కరెంటు పెట్టి ఈ జబ్బును తగ్గించే మిషను సంగతి ఏమిటి?

ఊపిరి ఎందుకు ఆగుతుంది?

కొబ్బరి బొండాం తాగేటప్పుడు కాగితపు గొట్టం వేసుకుంటాం కదా. గొట్టం గట్టిగా ఉన్నంతసేపూ నీళ్ళు బాగా వస్తాయి. అది నానిపోయి మెత్తబడితే? ఎంత గట్టిగా పీలిస్తే అంతగా దాని గోడలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నీళ్ళు రావు.

మన గొంతు కూడా అలాంటి మెత్తని గొట్టమే. ముక్కు నుంచి, నోటి నుంచి గాలి దాని గుండానే లోపలికి పోతుంది. ఆ గొట్టానికి ముందు వైపు గోడ మన నాలుక మొదలే. నాలుక అంటే బయటికి కనిపించే ముక్క మాత్రమే కాదు. దాని మొదలు గొంతు దాకా ఉంటుంది. గడ్డం ఎముక లోపలి వైపు నుంచి ఒక కండ బయలుదేరి నాలుకలోకి పోతుంది. ఆ కండ నాలుకను ముందుకు లాగి పట్టుకుంటుంది. పలుపుతాడు గేదెను పట్టి ఉంచినట్టు.

మెలకువగా ఉన్నప్పుడు ఈ కండ బిగువుగా ఉంటుంది. నిద్రలో ఒళ్ళంతా వదులైనట్టే ఇదీ వదులవుతుంది. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది. గాలి దారి ఇరుకవుతుంది. ఇరుకు దారిలో గాలి పోతూ మెత్తని గోడలను అదరగొడుతుంది. ఆ చప్పుడే గురక.

దారి ఇంకా ఇరుకైతే పూర్తిగా మూసుకుపోతుంది. పొట్ట, ఛాతీ కదులుతూనే ఉంటాయి. గాలి మాత్రం లోపలికి పోదు. నెత్తురులో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని కొంచెం లేపుతుంది. అప్పుడు "గుర్ర్" మని పెద్ద చప్పుడుతో ఊపిరి మళ్ళీ అందుతుంది. మనిషి మళ్ళీ నిద్రలోకి జారుకుంటాడు. తెల్లారాక ఇదేదీ అతనికి గుర్తుండదు. పక్కన పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

పది సెకన్లు, అంతకన్నా ఎక్కువసేపు ఊపిరి ఆగినా, బాగా తగ్గినా డాక్టర్లు దాన్ని ఒకసారిగా లెక్కపెడతారు. పెద్దవాళ్ళలో లెక్క ఇలా ఉంటుంది.

గంటకు 5 సార్ల లోపు అయితే ఫరవాలేదు.
5 నుంచి 15 లోపు అయితే తక్కువ జబ్బు.
15 నుంచి 30 లోపు అయితే మధ్యరకం.
30, ఆ పైన అయితే ఎక్కువ జబ్బు.

రాత్రంతా ఇలా లేస్తూ పడుతూ ఉంటే నిద్ర నిద్ర కాదు. గుండెకూ విశ్రాంతి ఉండదు. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో రక్తపోటు, గుండె జబ్బు, పక్షవాతం ఎక్కువగా కనిపిస్తాయి. ఇక లారీ, ఆటో, ట్రాక్టరు నడిపేవాళ్ళకు స్టీరింగు ముందు ఒక్క కునుకు చాలు. తన ప్రాణంతో పాటు ఇంకొకరి ప్రాణం కూడా పోతుంది.

ఎవరికి ప్రమాదం ఉంది?

కెనడా దేశంలో టొరంటో డాక్టర్లు 2008లో ఎనిమిది ప్రశ్నల పట్టీ ఒకటి తయారు చేశారు. చాలా దేశాల డాక్టర్లు దీన్ని వాడుతున్నారు. ఇంట్లో మనమూ అడిగి చూసుకోవచ్చు.

1. తలుపు వేసినా బయటికి వినిపించేంత గురక పెడతారా?
2. పగలు అలసటగా, నిద్రమత్తుగా ఉంటుందా?
3. నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా?
4. రక్తపోటు ఉందా? దానికి మందులు వాడుతున్నారా?
5. ఒళ్ళు బాగా ఎక్కువా? 160 సెంటీమీటర్ల ఎత్తు మనిషి 90 కిలోలు దాటితే "అవును" అని రాయాలి.
6. వయసు 50 దాటిందా?
7. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా? దర్జీ టేపుతో కొలవండి.
8. మగవారా?

"అవును" అనే జవాబులు రెండు, అంతకు తక్కువ అయితే ప్రమాదం తక్కువ. మూడు, నాలుగు అయితే ప్రమాదం ఉంది. ఐదు, ఆ పైన అయితే ప్రమాదం ఎక్కువ. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇది పట్టీ మాత్రమే. పరీక్ష కాదు. సన్నగా ఉన్నవాళ్ళకు కూడా ఈ జబ్బు రావచ్చు. దవడ చిన్నదైనా, గొంతు ఇరుకైనా వస్తుంది. ఆడవాళ్ళకు ముట్లు ఆగిపోయాక ఎక్కువగా వస్తుంది. ఆడవాళ్ళు తమకు గురక ఉందని చెప్పుకోడానికి సిగ్గుపడతారు. జబ్బుకు సిగ్గేమిటి? పిల్లలకు గొంతులో టాన్సిల్స్ వాచినా రావచ్చు. రోజూ గురక పెట్టే పిల్లలను పిల్లల డాక్టరుకు చూపించాలి.

అసలు పరీక్షను స్లీప్ స్టడీ అంటారు. అంటే నిద్ర పరీక్ష. రాత్రి పడుకునేటప్పుడు వేలికి ఒక క్లిప్పు, ఛాతీకి ఒక పట్టీ, ముక్కు దగ్గర ఒక సన్నని గొట్టం, తలకు కొన్ని వైర్లు పెడతారు. నొప్పి ఉండదు. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో తెల్లారేసరికి లెక్క తేలుతుంది.

కరెంటుకూ కండకూ ఏమిటి సంబంధం?

ఇటలీ దేశంలో బొలోన్యా అనే ఊళ్ళో గాల్వానీ అనే ఒక పండితుడు ఉండేవాడు. చచ్చిన కప్ప కాలికి కరెంటు తగిలిస్తే కాలు గిలగిలా కొట్టుకోవడం ఆయన చూశాడు. ఆ సంగతి 1791లో ప్రకటించాడు. కండ కదలాలంటే నరం నుంచి చిన్న కరెంటు రావాలి అని తర్వాతి వాళ్ళు కనిపెట్టారు. మనం చెయ్యి ఎత్తినా, రెప్ప వాల్చినా లోపల జరిగేది అదే.

నడుం నొప్పికో, మోకాలి నొప్పికో ఆసుపత్రిలో "కరెంటు పెట్టించుకున్నాను" అని కొందరు చెబుతారు. చర్మానికి రెండు బిళ్ళలు అంటిస్తారు. జివ్వుమని అనిపిస్తుంది. కండ దానంతట అదే బిగుస్తుంది, వదులుతుంది. ఆ పద్ధతినే నాలుకకు వాడితే ఏమవుతుంది? వదులైపోయే నాలుక కండకు పగలే కసరత్తు చేయిస్తే, రాత్రి కాస్త బిగువుగా నిలబడుతుందా? ఈ ఆలోచన నుంచే నాలుక మిషను పుట్టింది.

నాలుక మిషను

2021 ఫిబ్రవరిలో అమెరికా దేశపు మందుల తనిఖీ సంస్థ ఎఫ్‌డిఏ ఒక మిషనుకు అనుమతి ఇచ్చింది. దాని పేరు ఎక్సైట్‌ ఓఎస్‌ఏ. నోట్లో పెట్టుకునే మెత్తని ముక్క ఒకటి ఉంటుంది. దానికి నాలుగు కరెంటు బిళ్ళలు ఉంటాయి. రెండు నాలుక పైన, రెండు నాలుక కింద ఆనుతాయి. చిన్న కరెంటు వస్తుంది, ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. ఫోనుతో దాన్ని ఎక్కువ తక్కువ చేసుకోవచ్చు.

దీన్ని నిద్రలో పెట్టుకోరు. పగలు, మెలకువగా ఉన్నప్పుడు రోజుకు 20 నిమిషాలు పెట్టుకుంటారు. ఇలా 6 వారాలు చేయాలి. తర్వాత వారానికి ఒకసారి చాలు. పొద్దున కసరత్తు చేసిన పహిల్వాను బలం సాయంత్రానికి పోదు కదా. అదే లెక్క.

అనుమతి ఇచ్చేముందు 115 మంది గురక మనుషుల మీద చూసిన ఫలితాలు ఇవి. 87 మందిలో పెద్ద గురక పెట్టే సమయం ఐదో వంతుకు మించి తగ్గింది. ఈ 115 మందిలో 48 మందికి తక్కువ రకం స్లీప్ అప్నియా ఉంది. వాళ్ళలో 41 మందికి మేలు కనిపించింది. సగటున గంటకు 10 సార్లు ఆగే ఊపిరి 5 సార్లకు వచ్చింది.

ఇది మంచి కబురే. కానీ ఇందులో రెండు సంగతులు చూడాలి. ఒకటి, ఈ మిషనుకు అనుమతి గురకకూ, తక్కువ రకం జబ్బుకూ మాత్రమే. మధ్యరకం, ఎక్కువ రకం జబ్బుకు కాదు. రెండు, ఆ పరిశీలనలో ఉత్తుత్తి మిషను ఇచ్చిన మరో జట్టుతో పోల్చి చూడలేదు. అలా పోల్చితేనే అసలు గుణం ఎంతో గట్టిగా తెలుస్తుంది. పొలంలో కొత్త ఎరువు వేసినప్పుడు ఒక మడి వేయకుండా వదిలి చూస్తాం కదా. అలాగన్నమాట.

ఈ మిషను ఎవరు వాడకూడదు?

18 ఏళ్ళ లోపు వారు.
గర్భిణులు.
గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవారు. ఒంట్లో కరెంటు తీగలు అమర్చుకున్నవారు.
నోట్లో పుండ్లు ఉన్నవారు.
పళ్ళకు తీగ కట్టించుకున్నవారు. నోట్లో లోహపు అమరికలు ఉన్నవారు.

వాడేవారికి కూడా కొన్ని ఇబ్బందులు రావచ్చు. నోట్లో నీళ్ళు ఊరడం, నాలుక చిమచిమలాడడం, పళ్ళు జివ్వుమనడం, ఇనుప రుచి తగలడం, దవడ పట్టేయడం లాంటివి. అందుకే ముందుగా పళ్ళ డాక్టరుకు నోరు చూపించుకోవాలి. డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వాలని 2021 నాటి అనుమతిలోనే రాశారు.

మాట్లాడుకుందాం

ఒక చదువు కేంద్రంలో ఈ పాఠం చదివారు. చదివాక మాటలు ఇలా సాగాయి.

"టీచరమ్మా, మా ఇంటాయన గురకకు పక్కింటి కుక్క కూడా లేస్తుంది. కాళ్ళ నొప్పులకు కరెంటు పెట్టే మిషను మా మరిది దగ్గర ఉంది. ఆ బిళ్ళలు గొంతుకు అంటిస్తే సరిపోదా?"

"వద్దక్కా, ఆ పని అసలు చేయొద్దు. కాలికి పెట్టే కరెంటు గొంతు ముందు భాగాన పెడితే గొంతు బిగుసుకుపోవచ్చు. ఊపిరి ఆడకపోవచ్చు. గుండె లయ తప్పవచ్చు. నోటి మిషను కొలత వేరు, కాలి మిషను కొలత వేరు."

"మరి ఇంటి కరెంటుతో ఎవరైనా చేసుకుంటే?"

"ఇంటి కరెంటు 230 ఓల్టులు పెద్దమ్మా. దాన్ని నోటి దగ్గరికి తెస్తే ప్రాణమే పోతుంది. ఆ మాట పిల్లల చెవిన కూడా వేయండి."

"మావోడు ఆటో నడుపుతాడు. ఎర్రలైటు దగ్గర ఆగితే కూడా కునుకు పడుతుందంట. ఈ మిషను తెప్పిస్తే తగ్గుతుందా?"

"ముందు మిషను కాదు పెద్దయ్యా, ముందు పరీక్ష. జబ్బు ఎంత ఉందో తెలియకుండా మిషను కొంటే డబ్బు పోతుంది, జబ్బు ఉంటుంది. అతనిది ఎక్కువ రకం అయితే ఈ మిషను సరిపోదు. పరీక్ష అయ్యేదాకా రాత్రిళ్ళు ఆటో తీయొద్దని చెప్పండి. కునుకు వస్తే పక్కకు ఆపి పడుకోమనండి."

"బండి ఆపితే ఆ రోజు కూలి పోతుంది కదమ్మా."

"నిజమే పెద్దయ్యా. కూలి రేపు సంపాదించుకోవచ్చు. బండి కింద పడ్డ మనిషిని తేలేం కదా."

పెద్దయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రేపు వాణ్ణి నేనే తీసుకుపోతా" అన్నాడు.

ఖర్చు లేని పనులు

వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవాలి. చాలామందికి దీంతోనే గురక తగ్గుతుంది.

ఒళ్ళు ఎక్కువగా ఉంటే తగ్గించుకోవాలి. నాలుకలోనూ గొంతు చుట్టూ కూడా కొవ్వు చేరుతుంది.

సారా, కల్లు, బ్రాందీ మానాలి. మందు తాగితే గొంతు కండలు ఇంకా వదులవుతాయి. నిద్రమాత్రలు కూడా డాక్టరుకు చెప్పకుండా వేసుకోవద్దు.

పొగ తాగడం మానాలి. పొగకు గొంతు లోపలి చర్మం వాస్తుంది.

నాలుకకు కరెంటు లేకుండా కూడా కసరత్తు చేయించవచ్చు. బ్రెజిల్ దేశంలో సావో పాలో నగరంలో డాక్టర్లు మధ్యరకం జబ్బు ఉన్న 31 మందిని తీసుకున్నారు. సగం మందికి దగ్గర దగ్గర నోటి కసరత్తులు నేర్పారు. మూడు నెలలు రోజూ అరగంట చేయించారు. 2009లో ఫలితం ప్రకటించారు. కసరత్తు చేసినవాళ్ళలో గంటకు 22 సార్లు ఆగే ఊపిరి సుమారు 14 సార్లకు తగ్గింది. జబ్బు పూర్తిగా పోలేదు. కానీ తగ్గింది. ఆ కసరత్తుల్లో కొన్ని ఇవి.

నాలుక కొనను పై పళ్ళ వెనక అంగిలికి ఆనించి వెనక్కి జరపాలి.
నాలుకను మొత్తంగా అంగిలికి అదిమి పట్టాలి.
అచ్చులను గట్టిగా, సాగదీసి పలకాలి.

మూడోది చూశారా? అచ్చులు పలకడం మనం ఈ కేంద్రంలో మొదటి రోజే నేర్చుకున్నాం!

స్విట్జర్లాండు దేశంలో ఇంకో వింత చేశారు. డిజెరిడూ అని ఆస్ట్రేలియా ఆదివాసులు ఊదే పొడుగాటి కొయ్య బూర ఒకటి ఉంది. 25 మందిని తీసుకుని కొందరికి నాలుగు నెలలు ఆ బూర ఊదడం నేర్పారు. ఊదినవాళ్ళకు పగటి కునుకు తగ్గింది. ఊపిరి ఆగడమూ తగ్గింది. ఈ సంగతి 2006లో వైద్య పత్రికలో వచ్చింది. గొంతు కండలకు పని చెబితే అవి గట్టిపడతాయని దీనివల్ల కూడా తెలుస్తున్నది.

జబ్బు ఎక్కువగా ఉంటే?

అప్పుడు కసరత్తుల మీద ఆధారపడకూడదు. డాక్టర్లు ఎక్కువగా ఇచ్చేది సీ-పాప్ అనే మిషను. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు డాక్టరు కాలిన్ సల్లివాన్, ఆయన తోటివాళ్ళు 1981లో దీన్ని లోకానికి తెలిపారు. ముక్కుకు ఒక తొడుగు ఉంటుంది. రాత్రంతా మెల్లగా గాలి ఒత్తి పంపుతుంది. సైకిలు ట్యూబుకు గాలి కొడితే గోడలు విచ్చుకున్నట్టు గొంతు తెరుచుకుని ఉంటుంది. కొందరికి తొడుగు ఇబ్బందిగా ఉంటుంది. అలవాటు కావడానికి కొన్ని రోజులు పడుతుంది.

సీ-పాప్ పడనివాళ్ళకు ఇంకో దారి ఉంది. ఆపరేషను చేసి ఛాతీ చర్మం కింద ఒక చిన్న యంత్రం అమరుస్తారు. దాని తీగ నాలుకను కదిలించే నరానికి చేరుతుంది. మనిషి ఊపిరి తీసుకున్నప్పుడల్లా నరానికి చిన్న కరెంటు పోతుంది. నాలుక ముందుకు జరుగుతుంది. దారి తెరుచుకుంటుంది. దీనికి 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. 126 మంది మీద చేసిన పరిశీలనలో, ఏడాది తర్వాత గంటకు 29 సార్లు ఆగే ఊపిరి 9 సార్లకు వచ్చింది. ఇది పగటి కసరత్తు కాదు. రాత్రి కాపలా. అందరికీ సరిపోయేది కాదు. ఖర్చూ ఎక్కువ.

కొత్త మాటలు

స్లీప్ అప్నియా - నిద్రలో ఊపిరి ఆగే జబ్బు
అంగిలి - నోటి లోపలి పైకప్పు
సగటు - అందరిదీ కలిపి, మనుషుల లెక్కన భాగించగా వచ్చేది
పేస్‌మేకర్ - గుండె లయ తప్పకుండా కరెంటు ఇచ్చే చిన్న యంత్రం

లెక్క చేయండి

1. నాలుక మిషను రోజుకు 20 నిమిషాల చొప్పున 6 వారాలు వాడితే మొత్తం ఎన్ని నిమిషాలు? ఎన్ని గంటలు?
2. ఒక మనిషికి గంటకు 30 సార్లు ఊపిరి ఆగుతుంది. అతను 7 గంటలు పడుకున్నాడు. రాత్రంతా ఎన్నిసార్లు ఆగింది?

(జవాబులు: 1. 840 నిమిషాలు, అంటే 14 గంటలు. 2. 210 సార్లు.)

ఆలోచించి చెప్పండి

1. గురక ఎలా పుడుతుంది?
2. నాలుక మిషను ఏ రకం జబ్బుకు పనికొస్తుంది? ఎవరు వాడకూడదు?
3. కాలికి పెట్టే కరెంటు మిషనును గొంతుకు ఎందుకు పెట్టకూడదు?
4. పగలు కునికే మనిషిని సోమరి అనడం సరైనదేనా? ఎందుకు?

చేసి చూడండి

ఈ రాత్రి మీ ఇంట్లో గురక పెట్టేవాళ్ళ పక్కన కాసేపు మేలుకుని వినండి. గురక మధ్యలో ఆగితే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. పది దాటితే ఆ సంగతి కాగితం మీద రాయండి. ఎనిమిది ప్రశ్నల జవాబులు కూడా రాయండి. ఆ కాగితం తీసుకుని, ఆ మనిషిని వెంటబెట్టుకుని దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. నిద్రలో ఏం జరిగిందో జబ్బు మనిషి చెప్పలేడు. మీరు రాసిన కాగితమే డాక్టరుకు చెబుతుంది.